ఈనిన కుందేలు, నిలవని పిల్లలు: మీ ప్రశ్నలకు జవాబులు

కుందేలు ఈనింది, పిల్లలు నిలవలేదు. ఈసారి నాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి సారాంశం ఇదే. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు ఉంచి, ఈ శీర్షిక మొత్తం కళ్లు తెరవని ఆ పిల్లలకే ఇస్తున్నాను. పశువైద్యురాలిగా నేను చూసినంతలో, మొదటి వారంలో పోయే పిల్లల్లో జబ్బు చేసి పోయేవి తక్కువ. చలికి బిగుసుకుపోయినవి, పాలు అందనివి, బెదిరిన తల్లి కాళ్ల కింద పడినవి ఎక్కువ. బాగా చూసుకునే ఫారాల్లో కూడా పుట్టిన పది పిల్లల్లో ఒకటో రెండో పాలు మానేలోపే పోతాయి. అంతకు మించి పోతుంటే మాత్రం ఎక్కడో మన చేతిలో ఉన్న కారణమే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుందాం.

ప్రశ్న: మా కుందేలు తొలి ఈతలో ఆరు పిల్లల్ని పెట్టింది. గూడు బాగానే కట్టుకుంది. కానీ ఈనిన దగ్గర్నుంచి అది పిల్లల దగ్గరికి వెళ్లడం మేమెవరం చూడలేదు. ఒక మూల కూర్చుని గడ్డి తింటోంది. దీనికి తల్లి ప్రేమే లేదని ఇంట్లో అంటున్నారు. టెన్షన్ పడి రెండుసార్లు దాన్ని పట్టుకెళ్లి పిల్లల మీద కూర్చోబెట్టాం. గింజుకుని బయటికి దూకింది, ఒక పిల్లను తొక్కేసింది కూడా. ఏం చేయాలి డాక్టర్ గారూ?

ముందు దాన్ని అలా కూర్చోబెట్టడం ఆపేయండి. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే అది తల్లి పని సక్రమంగానే చేస్తూ ఉండవచ్చు. మీ కంట పడకుండా చేస్తోంది, అంతే.

కుక్క ఈనినా పిల్లి ఈనినా పిల్లల్ని చుట్టుకుని పడుకుంటుంది. తల్లితనం అంటే అదేనని మన కళ్లకు అలవాటైపోయింది. కుందేలు అలా చేయదు. రోజుకు ఒక్కసారి, కొన్నయితే రెండుసార్లు, గూట్లోకి దూకుతుంది. పిల్లల మీద కాళ్లు చాపి నిలబడి మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. పడుకోదు, పిల్లల్ని దగ్గరకు లాక్కోదు. పాలు అయిపోయిన క్షణమే బయటికి దూకేస్తుంది. ఇదంతా ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోపు జరుగుతుంది. మీరు లేచి చూసేసరికి అది మూల కూర్చుని గడ్డి తింటూ ఉంటుంది.

దీనికి కారణం వాటి పూర్వీకుల బతుకులో ఉంది. మనం పెంచే కుందేళ్లన్నీ యూరప్ అడవి కుందేలు సంతతే. ఆ అడవి కుందేలు ఈనడానికి విడిగా చిన్న బొరియ తవ్వుకుంటుంది. పాలిచ్చి బయటికి వచ్చాక బొరియ నోటిని మట్టితో పూడ్చి వెళ్లిపోతుంది. తల్లి ఎన్నిసార్లు తిరిగితే నక్కలాంటి జంతువులకు గూడు అన్నిసార్లు తెలిసిపోతుంది. పిల్లలకు దూరంగా ఉండి కాపాడడం ఆ జాతి నేర్చుకున్న పద్ధతి. మీ ఇంట్లో నక్క లేదని మీ కుందేలుకు తెలియదు కదా.

ఒక్క పూట పాలతో పిల్లలకు ఎలా సరిపోతుందని మీకు అనుమానం రావచ్చు. ఆవు పాలలో కొవ్వు 4 శాతం దాకా ఉంటుంది. కుందేలు పాలలో కొవ్వు, మాంసకృత్తులు రెండూ 10 శాతానికి పైనే ఉంటాయి. పిల్ల ఆ మూడు నాలుగు నిమిషాల్లోనే తన బరువులో నాలుగో వంతు దాకా తాగేయగలదు.

కళ్లు తెరవని, చెవులు వినపడని పిల్లలు అంత తక్కువ సమయంలో చనుమొనను ఎలా పట్టుకుంటాయన్నది నాకు ఇప్పటికీ ఎంతో ముచ్చటగా అనిపించే విషయం. తల్లి పాలలో ఉండే ఒక వాసన వాటికి దారి చూపిస్తుంది. ఆ వాసన పదార్థం 2-మిథైల్‌బ్యూట్-2-ఈనల్ అని 2003లో బెనువా షాల్, ఆయన తోటి ఫ్రెంచ్ పరిశోధకులు తేల్చారు. దాని వాసన సోకగానే పిల్ల తల అటూ ఇటూ ఊపి, కొద్ది సెకన్లలోనే చనుమొనను నోట పట్టేస్తుంది. ఇంకో సంగతి. తల్లి వచ్చే వేళకు ముందే పిల్లలు కప్పుకున్న బొచ్చును తోసుకుని పైకి వచ్చి ఎదురుచూస్తాయి. తాగాక అన్నీ మూత్రం పోసి, మళ్లీ బొచ్చు కిందికి దూరి ఒకదాన్నొకటి హత్తుకుంటాయి. మీరు వేళాపాళా లేకుండా పెట్టె తెరిచి కదిపితే ఈ క్రమం చెడిపోతుంది. పొద్దున ఒక్కసారి, తల్లి పాలిచ్చి వెళ్లాక చూడండి, చాలు.

చూసేటప్పుడు తల్లి ఏం చేస్తోందన్నది పక్కన పెట్టి పిల్లల పొట్టలు చూడండి. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా నిండుగా ఉంటుంది. మొదటి రోజుల్లో చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే లోపలి పాలు తెల్లటి పట్టీలాగా పైకి కనిపిస్తాయి. పాలు అందని పిల్ల ముడతలు పడి ఉంటుంది, పొట్ట లోపలికి పోయి ఉంటుంది, చెయ్యి తగలగానే ఎగిరెగిరి పడుతూ నోటితో వెతుకుతుంది. ఇంట్లో గ్రాములు చూపించే చిన్న తూకం ఉంటే ఇంకా మంచిది. మధ్యరకం జాతి పిల్ల పుట్టినప్పుడు 50 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. వారం తిరిగేసరికి ఆ బరువు ఇంచుమించు రెట్టింపు కావాలి.

తొలి ఈతలో పాలు దిగడానికి ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజుకు బెంగ పడక్కర్లేదు. కడుపులో ఉండగా తల్లి అందించిన కొవ్వు నిల్వ పిల్లకు కొంత ఆసరాగా ఉంటుంది. రెండో రోజు కూడా పొట్టలు ఖాళీగానే ఉంటే అప్పుడు మీరు సాయం చేయాలి. తెల్లవారగానే, ఇల్లు సద్దు లేకుండా ఉన్న వేళ, పిల్లలున్న పెట్టెలోకి తల్లిని మెల్లగా దించండి. ఒక చెయ్యి వీపు మీద, ఒక చెయ్యి కళ్ల మీదుగా తల మీద ఆనించి నిమురుతూ ఉండండి. పిల్లలు వాటంతట అవే పని చూసుకుంటాయి. ఐదు నిమిషాల్లో వదిలేయండి. ఇలా రోజూ అదే వేళకు చేస్తే చాలా తల్లులు రెండు మూడు రోజుల్లో తామే దిగడం మొదలుపెడతాయి. మీరు మునుపు చేసినప్పుడు అది గింజుకుంది పగటి వేళ, నలుగురి మధ్య అయి ఉంటుంది. ఇప్పుడు ఒక్కరే చేయండి.

తొక్కుడు పడిన పిల్లను ఒకసారి తీసి చూడండి. గాయం పైపైన ఉంటే గోరువెచ్చని ఉప్పునీళ్లతో తుడిచి గూట్లో పెట్టేయండి. కాలు వేలాడుతుంటే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: చెప్పడానికే మనసు రావడం లేదు. మా కుందేలు ఈనిన రాత్రే మూడు పిల్లల్ని తినేసింది. మిగిలిన రెండూ బయట పడి చనిపోయి ఉన్నాయి. ఇలాంటి దాన్ని మళ్లీ జత కట్టించవచ్చా? దీనికి రుచి మరిగినట్టేనా?

రుచి మరగడం అంటూ ఏమీ ఉండదు. మీ బాధ నాకు అర్థమవుతోంది, కానీ ఆ తల్లిని దోషిలా చూడకండి.

ఈనేటప్పుడు కుందేలు ఒక్కో పిల్లను నాకుతూ, మాయను తినేస్తుంది. శాకాహార జంతువే అయినా మాయ తినడం దానికి సహజం. మొత్తం కాన్పు పావుగంట నుంచి అరగంటలో అయిపోతుంది. ఆ తొందరలో, అనుభవం లేని తల్లి మాయతో పాటు బొడ్డుపేగును మరీ లోపలికి కొరికేస్తే పిల్ల చెవో, కాలో, ఇంకా ఎక్కువో పోతుంది. చచ్చి పుట్టిన పిల్లల్ని కూడా తింటుంది. కాబట్టి మీ మూడింటినీ ప్రాణంతో ఉండగానే తిన్నదని అనుకోవడానికి లేదు. అవి చచ్చి పుట్టి ఉండవచ్చు, లేదా గూడు బయట పుట్టి చలికి చచ్చాక తిని ఉండవచ్చు. మిగతా రెండూ బయటే దొరికాయన్నారు కనుక నాకు ఈ రెండోదే నిజమనిపిస్తోంది.

ఇక ప్రాణమున్న పిల్లల మీదికే తల్లి వెళ్లే సందర్భాల్లో నేను ముందుగా అడిగేది నీళ్ల గురించి. ఈనే రాత్రి కుందేలుకు విపరీతమైన దాహం వేస్తుంది. సాయంత్రం నింపిన గిన్నె అర్ధరాత్రికి ఖాళీ అయిపోవడం, సీసా మొన మూసుకుపోవడం చాలాచోట్ల చూశాను. ఈనే రోజుల్లో రెండు చోట్ల నీళ్లు పెట్టండి. సీసా ఉంటే దాంతో పాటు ఒక బరువైన గిన్నె కూడా. రెండోది భయం. కుక్క వచ్చి కేజ్ వాసన చూడడం, ఎలుక లోపలికి దూరడం, ఫోన్ లైటు వేసి వీడియో తీయడం, చుట్టాల పిల్లలందరూ వచ్చి తొంగి చూడడం, ఇవన్నీ దానికి ప్రమాదం దగ్గరికి వచ్చిందన్న సంకేతాలే. మూడోది గూడు. సరైన గూడు లేని తల్లి ఎక్కడ ఈనాలో తెలియక కేజ్ అంతా తిరుగుతూ ఈనుతుంది. మరీ చిన్న వయసులో, లేదా ఒంట్లో సత్తువ లేని స్థితిలో చూలు కట్టినా ఇలా జరగవచ్చు.

అది కోలుకుని, ఒళ్లు చేసుకున్నాక మళ్లీ అవకాశం ఇవ్వండి. తొలి ఈతలో తడబడిన చాలా కుందేళ్లు రెండో ఈతకు చక్కగా పెంచుతాయి. నీళ్లు, నిశ్శబ్దం, గూడు అన్నీ సరిగా ఉండి కూడా మూడో ఈతలోనూ ఇదే జరిగితే ఇక దాన్ని ఈనించకండి. పెంపుడు నేస్తంగా ఉంచుకోండి.

ప్రశ్న: పిల్లల్ని ముట్టుకుంటే మనిషి వాసన తగిలి తల్లి వదిలేస్తుందంటారు. నిజమా?

ఇంటి కుందేలు విషయంలో నిజం కాదు. మీ చేతి వాసన దానికి రోజూ తెలిసినదే. ఎవరో చెప్పారని గూటివైపు వెళ్లకుండా ఉండిపోయి, లోపల చచ్చిన పిల్ల కుళ్లి, మిగతావి కూడా పోయిన ఇళ్లే నన్ను ఎక్కువ బాధపెడతాయి. తల్లి చచ్చిన పిల్లను తీసి పారేయదు. ఆ పని మీరే చేయాలి, రోజూ చేయాలి. చేతులు కడుక్కుని, సెంటు సబ్బు వాసన పోయేలా గూటి గడ్డితో ఒకసారి రుద్దుకుని, తల్లికి కాస్త ఇష్టమైన ఆకు వేసి, అది తింటుండగా చూసేయండి.

నేను గూడు చూసేటప్పుడు ముందుగా చెయ్యి బొచ్చు మీద ఆనిస్తాను. లోపలినుంచి వెచ్చదనం తగులుతూ, బొచ్చు మెల్లగా కదులుతుంటే సగం నెమ్మది. అప్పుడు ఒక్కొక్కటీ లెక్క చూసుకుంటాను.

ప్రశ్న: పొద్దున లేచి చూస్తే ఒక పిల్ల గూటి బయట, ఇనుప జాలీ మీద చల్లగా పడి ఉంది. చచ్చిపోయిందనుకుని పాతిపెట్టేశాం. మా పక్కింటావిడ, చల్లబడిన పిల్లను బతికించవచ్చని తర్వాత చెప్పింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. తల్లి పక్కనే ఉండి కూడా ఎందుకు లోపలికి తీసుకెళ్లలేదు?

తల్లి పిల్లను నోట కరుచుకుని తీసుకెళ్లడం పిల్లికి ఉన్న గుణం. కుందేలుకు అది లేదు. బొరియలో పుట్టిన పిల్ల బయట పడే అవకాశమే ఉండదు కనుక ఆ అలవాటే వాటిలో రాలేదు. బయట పడిన పిల్ల పక్కనే తల్లి కూర్చుని ఉన్నా దాన్ని ఎత్తుకోదు. ఎత్తి లోపల పెట్టాల్సింది మనమే.

పిల్ల ఎలా బయటికి వస్తుందంటే, చాలాసార్లు అది చనుమొనను వదలకుండా పట్టుకుని ఉండగానే తల్లి పాలు ముగించి దూకేస్తుంది. పిల్ల దాంతో పాటు వేలాడుతూ వచ్చి జాలీ మీద పడిపోతుంది. పాలు చాలని పిల్ల చివరిదాకా వదలదు కనుక, ఇలా తరచూ జరుగుతుంటే తల్లికి పాలు తక్కువేమో అని కూడా చూడండి. పెట్టె గుమ్మం 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే దూకేటప్పుడు పిల్ల ఆ అంచుకు తగిలి లోపలే పడిపోతుంది. గుమ్మం లేని అట్టపెట్టెలు, పళ్లేల్లాంటి గూళ్లు పనికిరావు.

ఇప్పుడు చలి సంగతి. పుట్టినప్పుడు ఒంటి మీద బొచ్చు ఉండదు. మనలాగా వణికి వేడి పుట్టించుకోవడం కూడా వాటికి రాదు. మెడ వెనక, భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకుని వేడి తెచ్చుకుంటాయి. ఆ కొవ్వు కొంచెమే. అందుకే ఒకదాన్నొకటి హత్తుకుని, తల్లి పీకి పరిచిన బొచ్చు కింద దాక్కుని దాన్ని పొదుపు చేసుకుంటాయి. మంచి గూట్లో పిల్లల మధ్య 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. ఆ గుంపు నుంచి విడిపోయిన పిల్ల కొద్ది గంటల్లోనే రాయిలా చల్లబడిపోతుంది.

చల్లబడి, కదలకుండా, నీలం పాలిపోయిన పిల్ల చచ్చినట్టే కనిపిస్తుంది. వెచ్చబరిచాక కూడా కదలకపోతేనే చచ్చిందని అనుకోవాలి. అలా కనిపించినప్పుడు దాన్ని వెంటనే రెండు అరచేతుల మధ్య తీసుకోండి, లేదా చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఒక సీసాలో వేడినీళ్లు పోసి, బట్ట చుట్టి, మోచేతికి ఆనిస్తే హాయిగా అనిపించేంత వేడి మాత్రమే ఉందని చూసుకుని దాని పక్కన పడుకోబెట్టండి. మరీ బిగుసుకుపోయి ఉంటే గోరువెచ్చని నీళ్లలో, 37 లేదా 38 డిగ్రీలు దాటకుండా, తల పైకి పట్టుకుని కొద్ది నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరే దాకా తుడవండి. హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టి కాల్చకండి. రంగు తిరిగి, కాళ్లు ఆడిస్తూ, ఒళ్లు వెచ్చబడ్డాక మిగతా పిల్లల మధ్య పెట్టేయండి.

చల్లగా ఉన్న పిల్ల నోట్లో మాత్రం పాలు పోయకండి. మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వేడి, తర్వాతే పాలు.

మీరు పాతిపెట్టిన పిల్ల గురించి దూరం నుంచి నేనేమీ చెప్పలేను. అది అప్పటికే పోయి ఉండవచ్చు కూడా. మిగిలినవి ఎన్ని ఉన్నాయో రాయలేదు. ఒకటో రెండో ఉంటే గుంపు వేడి చాలదు, గూట్లో గడ్డి, బొచ్చు ఎక్కువ వేయండి.

ప్రశ్న: ఆంటీ, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాకు రెండు ఆడ కుందేళ్లున్నాయి. ఒకటి నిన్న 11 పిల్లల్ని పెట్టింది, ఇంకొకటి మొన్న 4 పెట్టింది. పెద్ద గూట్లో రెండు పిల్లలు బాగా చిన్నగా ఉన్నాయి. వాటిని రెండో తల్లికి ఇవ్వవచ్చా? అది కొడుతుందా?

ఇవ్వవచ్చు తల్లీ, ఇవాళే చేసెయ్యి. కుందేలుకు సాధారణంగా 8 చనుమొనలుంటాయి, కొన్నింటికి 10. పదకొండు పిల్లలు ఆ మూడు నిమిషాల పాల కోసం తోసుకుంటే చిన్నవి వెనకబడతాయి. ఒక రోజు వెనకబడిన పిల్ల మర్నాడు ఇంకా బలహీనంగా పోటీకి వస్తుంది. అలా మూడో రోజుకో నాలుగో రోజుకో పోతుంది.

రెండు ఈతలకూ మధ్య తేడా రెండు మూడు రోజులు దాటకపోతే ఇది బాగా కుదురుతుంది. నీ రెండింటికీ ఒక్క రోజే తేడా. కుందేలు తన పిల్ల ఏది, పరాయి పిల్ల ఏది అని విడిగా గుర్తుపట్టదు, గూటి వాసన ఉంటే చాలు. పిల్లల్ని తెచ్చి, రెండో తల్లి బొచ్చుతో మెల్లగా ఒళ్లంతా రుద్ది, దాని పిల్లల మధ్యలో, అడుగున పెట్టు. తల్లిని ఒక గంట దూరంగా ఉంచి, అందరి వాసనా కలిశాక వదులు.

ఏ పిల్లల్ని ఇవ్వాలన్నది మాత్రం ఆలోచించు. రెండో తల్లి పిల్లలు ఒక రోజు పెద్దవి, అప్పటికే బాగా తాగి ఉంటాయి. మరీ చిన్నవాటిని వాటి మధ్య వేస్తే అక్కడా ఓడిపోతాయి. పెద్ద గూట్లో బాగా పుష్టిగా ఉన్న మూడు నాలుగింటిని తీసి అక్కడ వెయ్యి. చిన్నవి వాటి సొంత తల్లి దగ్గరే, తక్కువ పోటీలో తాగుతాయి. మార్చిన వాటి చెవి లోపల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, రోజూ పొట్ట చూసి పుస్తకంలో రాసుకో. నాలుగు రోజుల తర్వాత ఆ పుస్తకంలో ఉన్నది నాకు రాసి పంపుతావా?

ప్రశ్న: మా కుందేలు జత కట్టి 24 రోజులైంది. ఇంతకుముందు ఒక ఈత పూర్తిగా పోయింది. ఈసారి ముందే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ఈ ప్రశ్న ముందే అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. ఈనాక చేసే హడావుడి కంటే ఈనక ముందు వారం చేసే పని ఎక్కువ పిల్లల్ని బతికిస్తుంది.

కుందేలు చూలు 31 రోజులు, ఒక రోజు అటూ ఇటూ. 28వ రోజున గూటి పెట్టె పెట్టండి. మరీ ముందే పెడితే దాన్ని మలమూత్రాలకు వాడుకుంటుంది. మధ్యరకం కుందేలుకు 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న చెక్క పెట్టె చాలు. తల్లి తిరగగలగాలి, కానీ విశాలంగా ఉండకూడదు. విశాలమైతే పిల్లలు చెల్లాచెదురైపోతాయి. అడుగున రంపపు చెక్క పొరలు, పైన పొడిగా ఉన్న మెత్తని ఎండుగడ్డి దండిగా నింపండి. దూది, దారాలు, ఉన్ని పీలికలు వేయకండి, కాళ్లకు మెడకు చుట్టుకుపోతాయి.

తర్వాత అది గడ్డి నోట కరుచుకుని పెట్టెలోకి మోయడం మొదలుపెడుతుంది. ఈనడానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే, మెడ కింది గంగడోలు నుంచి, పొట్ట నుంచి బొచ్చు పీకి పరుస్తుంది. ఆ రోజుల్లో ఒంట్లో హార్మోన్లు మారి పొట్ట బొచ్చు వదులవుతుంది, కాబట్టి దానికి నొప్పి ఉండదు. ఈనాక కూడా పీకకపోతే, మీరే పొట్ట మీది బొచ్చును వేళ్లతో మెల్లగా లాగండి. ఊడి వచ్చేస్తుంది. దాన్ని పిల్లల మీద కప్పండి, చనుమొనలు కూడా బయటపడతాయి. నేనైతే బాగా బొచ్చు పరిచే తల్లుల గూళ్లనుంచి శుభ్రమైన బొచ్చు తీసి ఒక కాగితం సంచిలో దాచి ఉంచుతాను. బొచ్చు పీకని తల్లికి అది అక్కరకొస్తుంది.

మగ కుందేలును ఇప్పుడే వేరే చోటికి మార్చండి. ఈనిన కొన్ని గంటల్లోనే ఆడ కుందేలు మళ్లీ చూలు కట్టగలదు. ఒకవైపు పాలిస్తూ మరోవైపు చూలు మోయడం తొలి ఈతల తల్లికి చాలా భారం. అదీకాక మగది వెంటపడి గూటిని తొక్కేస్తుంది. ఇంకో ఆడ కుందేలు కలిసి ఉంటే దాన్ని కూడా మార్చండి. అది ఈ పిల్లల్ని చంపేసే ప్రమాదం ఉంది.

మరీ లావుగా ఉన్న కుందేలు చివరి వారంలో తిండి మానేస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి, అది తల్లి ప్రాణానికే ముప్పు. 32 రోజులు దాటినా ఈనకపోతే కూడా అంతే. అసలు చూలే కట్టకపోయినా, జత కట్టిన 16 నుంచి 18 రోజులకు బొచ్చు పీకి గూడు కడితే అది ఉత్తుత్తి చూలు. మీది అలా చేయకుండానే ఆ రోజులు దాటేసి ఉంటే ఆ అనుమానం అక్కర్లేదు.

ఎండ వేళల్లో మాత్రం ఇదంతా తిరగబడుతుంది. మూత పెట్టెలో గాలి ఆడక పిల్లలు ఎర్రబడి, ఒకదానికొకటి దూరంగా జరిగి, చెమ్మగా కనిపిస్తే వేడి ఎక్కువైనట్టు. కొంత బొచ్చు తీసేసి, పెట్టెను నీడకు మార్చండి. చీమలు పట్టకుండా కేజ్ కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి. ఎలుక దూరే సందు ఎక్కడుందో రాత్రి టార్చి వేసి ఇప్పుడే చూసుకోండి.

ప్రశ్న: వారం రోజులు బాగా పెరిగిన పిల్లలు ఒక్కొక్కటే చనిపోతున్నాయి. తల్లి గూట్లోకి దిగినట్టే దిగి వెంటనే దూకేస్తోంది. పిల్లలకు ఆవు పాలు పట్టవచ్చా? తల్లికి ఏదైనా యాంటీబయాటిక్ వేయమంటారా?

ఇవాళే తల్లిని ఒళ్లో పెట్టుకుని ఒక్కో చనుమొన చుట్టూ తడిమి చూడండి. ఎక్కడైనా గట్టిగా, వేడిగా, ఎర్రగా లేక నీలంగా ఉండి, తాకగానే అది కాలు ఝాడిస్తే, అది పొదుగువాపు. పిల్లలు నోరు పెట్టగానే నొప్పి తట్టుకోలేక దూకేస్తుంది. దీన్ని ఎక్కువగా స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా తెస్తుంది. మురికి గూడు, గీసుకునే మేకు, జాలీ అంచు దానికి తోవ చేస్తాయి.

మందు మీ అంతట మీరు వేయకండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. ఇంట్లో ఉండే అమోక్సిసిలిన్‌లాంటి పెన్సిలిన్ జాతి మందు నోటి ద్వారా వేస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టి కుందేలే చనిపోతుంది. కుందేళ్లను చూసే వైద్యుడు దానికి తగిన మందు ఎంచుకుంటాడు. ఈ పిల్లల్ని ఇంకో తల్లి దగ్గరికి మార్చకండి, జబ్బు దానికీ అంటుతుంది. పెట్టె మార్చి, పాత గడ్డి, బొచ్చు పారేయండి.

ఆవు పాలు వాటికి మరీ పల్చన. దొరికితే పిల్లి పిల్లలకు అమ్మే పాలపొడి, లేకపోతే మేకపాలు నయం. చిన్న సిరంజితో, పిల్లను నిటారుగా పట్టుకుని, బొట్టు బొట్టుగా పెదవికి ఆనించండి, అదే చప్పరించాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రోజుకు రెండుసార్లు చాలు. పట్టాక తడి దూదితో పొట్ట కింద మెల్లగా రాసి మూత్రం పోయించండి. చేతితో పెంచిన పిల్లల్లో చాలావి నిలవవు, వారం దాటిన పిల్లలకు అవకాశం కాస్త ఎక్కువ. మీవి ఆ వయసు దాటాయి కనుక ప్రయత్నించండి. 10 నుంచి 12 రోజులకు కళ్లు తెరుస్తాయి. మూడో వారానికి తల్లి తినే ఎండుగడ్డిని కొరకడం మొదలుపెడతాయి, అక్కడిదాకా లాగగలిగితే గండం చాలావరకు గడిచినట్టే.

ప్రశ్న: మా దగ్గర రెండు మరుగుజ్జు కుందేళ్లు ఉన్నాయి. వాటి ప్రతి ఈతలోనూ ఒకటో రెండో పిల్లలు మిగతావాటిలో సగం సైజులో, తల పెద్దగా, చెవులు చిన్నగా పుడతాయి. ఎంత జాగ్రత్తగా చూసినా వారంలోపు చనిపోతాయి. మా పోషణలో లోపమా?

కాదు. మరుగుజ్జుతనం తెచ్చే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వచ్చిన పిల్ల బతకదు. అలాంటి రెండింటిని జత కట్టిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి ఇలా పుడుతుంది. ఏ పాలూ ఏ వెచ్చదనమూ దాన్ని నిలపలేవు, కాబట్టి చేతితో పాలు పట్టి దాని బాధను పొడిగించకండి. మిగతా పిల్లల మధ్య వెచ్చగా ఉండనివ్వండి. మళ్లీ ఈనించాలనుకుంటే రెండింటిలో ఒకదానికి ఆ జన్యువు లేని, కాస్త పెద్ద సైజు జతను చూడండి. ఆ జతను ఎంచేటప్పుడు అది తల్లి కంటే మరీ పెద్దది కాకుండా చూసుకోండి, పిల్ల తల పెద్దదై కాన్పు కష్టమవుతుంది. అందుకే మగది మరుగుజ్జు, ఆడది పెద్దది అయితే మేలు.